ఎడమవైపు వరసలు

జనవరి 14

ఏం జరిగినా తేదీ వేసి రాసుకోమంది నర్సు, ఫోన్లో. డాక్టరు అడిగినప్పుడు "ఏమో, అప్పుడెప్పుడో" అంటే పనికిరాదట. అందుకని ఆర్డర్ల పుస్తకం తిరగేసి వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను. ముందు నుంచి కుర్చీలు వస్తాయి, వెనక నుంచి నేను వస్తాను. ఎక్కడో మధ్యలో కలుసుకుంటాం.

ఎడమచెయ్యి. చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు సగం. తిమ్మిరి. ఇవాళ్టికి పదకొండు రోజులు. నొప్పేమీ లేదు. చేతికి తొడుగు వేసుకుని తియ్యడం మరిచిపోయినట్టుంది, అంతే. పొద్దస్తమానం దబ్బనం పట్టుకునే మనిషికి వేళ్లు తిమ్మిరెక్కకపోతే ఆశ్చర్యపడాలి.

జనవరి 15

తిమ్మిరి.

జనవరి 19

డేవో హార్కస్ వచ్చాడు, కుర్చీ చూడ్డానికి. కూతురు మెర్రన్ పెళ్లి మార్చి రెండున. పెళ్లికి గడ్డి కుర్చీ ఇవ్వాలని వాళ్లావిడ బతికుండగానే అనుకున్నారట. కర్ర చట్రం అయిపోయింది. ఓట్స్ గడ్డితో దాని వీపు కడుతున్నాను. మొత్తం ఇరవై రెండు వరసలకి ఆరు అయ్యాయి.

డేవో అంటే అందరికీ హడలు. పోయినేడాది గొర్రెల దొడ్డికి గేటు చేసినవాడి చేత మూడుసార్లు విప్పించి మళ్లీ చేయించాడు. కళ్లజోడు కూడా పెట్టుకోకుండా బొటనవేలితో వరసలు తడుముతూ పోయి ఆగాడు.

"ఇదేంటే రోనా, ఐదోది ఇటువైపు ఉబ్బింది?"

గడ్డి ఇంకా పచ్చి ఆరలేదన్నాను. పోయిన కోతలకి వాన పడింది కదా, ఆరాక సర్దుకుంటుందన్నాను. నమ్మాడు. నాకూ నిజమే అనిపించింది. కోతలకి వాన పడిన మాట నిజమే.

అయినా రాసుకుంటున్నాను. గడ్డి పేట వేలంత లావుండాలి. కుట్టుకుంటూ పోతుంటే సన్నబడుతుంది, సన్నబడగానే నాలుగు పరకలు లోపలికి దోపాలి. ఎప్పుడు సన్నబడిందో కంటికి తెలియదు. ఎడమచేతి వేళ్లే చెప్పాలి. ఇరవై ఏళ్లుగా అవే చెబుతున్నాయి. ఈ మధ్య అడిగితే ఊరుకుంటున్నాయి.

జనవరి 27

కొత్తది. మెడ వంచితే వీపులో పైనుంచి కిందికి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోంది. మెడ ఎత్తగానే పోతుంది. కుర్చీ కట్టేదాన్ని మెడ వంచకుండా ఎలా ఉంటాను? ఇవాళ లెక్కపెడదామనుకుని ముప్పైకి మానేశాను.

ఇనా పిన్నికి ముప్పై రెండో ఏట మొదలైంది. నాకిప్పుడు ముప్పై ఏడు. అంటే నేను ఆ వయసు దాటేశాను. రావలసిందైతే అప్పుడే వచ్చేది కదా.

బయటి ఊళ్లలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటే అదేమిటని అడుగుతారట. మా దీవిలో ఎమ్మెస్ అంటే చాలు, ఎవరికి అనడుగుతారు. ఆరువందల మందిమి ఉన్నాం, నాకు తెలిసి ముగ్గురికి ఉంది. ఇనా పిన్ని ఉన్నప్పుడు నలుగురు.

అమ్మకి వయసు మీద పడుతోంది. జామ్ సీసాల మూతలు సరిగా బిగించడం లేదు. ఇవాళ పొద్దున సీసా పైకెత్తితే మూత ఒక్కటే చేతికొచ్చింది.

ఫిబ్రవరి 3

డాక్టర్ ప్రింగిల్ దగ్గరికి వెళ్లాను. గీత మీద నడిపించాడు, సుత్తితో మోకాళ్ల మీద కొట్టాడు, కళ్లు మూసుకోమని గుండుసూది పట్టుకున్నాడు. గుచ్చుకుంటోందా అంటే గుచ్చుకుంటోందన్నాను.

"ఇంకా గుచ్చలేదండీ," అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. తర్వాత పాత కాగితాలు తిరగేసి, రెండేళ్ల కిందట కుడికన్ను మసకబారిందని వచ్చారు కదా అనడిగాడు. ఓట్స్ పొట్టు పడింది, రెండు వారాల్లో తగ్గిందన్నాను. రాసుకున్నాడు. పొట్టు అని రాయలేదు, అంత చిన్న మాట కాదు అతను రాసింది.

విమానంలో ఆబర్డీన్ వెళ్లి స్కాన్ తీయించాలన్నాడు. ఏమై ఉంటుందని అడిగితే చాలా కావచ్చన్నాడు. మెడలో నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, విటమిన్ తక్కువై ఉండొచ్చు. మూడోది అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంట్లో ఎవరికైనా ఉందా అని మాత్రం అడిగాడు. మా పిన్నికి అన్నాను. దేని గురించి అడుగుతున్నాడో ఇద్దరం పైకి అనలేదు.

విటమినే అయ్యుంటుంది. శీతాకాలమంతా టీ, రొట్టె తప్ప ఏం తిన్నాను గనక.

ఫిబ్రవరి 4

కాలేయం వేపుడు, విటమిన్ కోసం.

ఫిబ్రవరి 5

కాలేయం.

ఫిబ్రవరి 7

మళ్లీ కాలేయం. అమ్మకి దాని వాసనే పడదు. ఏమిటీ తిండి అని ఒక్క మాట అనలేదు. కిటికీ తెరిచి ఊరుకుంది.

ఫిబ్రవరి 11

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

స్కాన్లు రాకముందు డాక్టర్లు ఇనా పిన్నిని వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి చూశారని అమ్మ ఒకసారి చెప్పింది. ఆ జబ్బున్నవాళ్లకి ఒళ్లు వేడెక్కితే ఉన్న బాధలన్నీ పైకొస్తాయట. ఇవాళ మధ్యాహ్నం అమ్మ చర్చి ఆడవాళ్ల మీటింగుకి వెళ్లింది. నేను తొట్టె నింపుకున్నాను, పట్టగలిగినంత వేడిగా. గడియారం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను.

పదమూడు నిమిషాలకి కుడికంట్లో గడియారం ముళ్లు మాయమయ్యాయి. గడియారం ఉంది, ముళ్లు లేవు. లేవబోతే కాళ్లు మాట వినలేదు. నీళ్లు చల్లారేదాకా తొట్టె అంచు పట్టుకుని కూర్చున్నాను. ఏడవలేదు. భయం వేసింది. అమ్మ వచ్చేలోపు లేవకపోతే ఎలా అన్నదొక్కటే భయం. చలికి వణకడం మొదలయ్యాక కాళ్లు వచ్చాయి, చూపూ వచ్చింది.

నీళ్లు మరీ వేడి. ఎవరికైనా కళ్లు తిరుగుతాయి.

ఎవరికైనా తిరుగుతాయి.

ఫిబ్రవరి 20

ఉత్తరం వచ్చింది. స్కాన్ మార్చి 15, పొద్దున పదకొండింటికి. ఉత్తరం గడ్డి మోపుల వెనక దాచాను, తప్పు చేసిన పిల్లలాగా.

ఎవరికీ చెప్పను. ఎందుకో కూడా రాస్తాను, రేపు మెత్తబడితే చదువుకోడానికి. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇనా పిన్నిని చక్రాల కుర్చీలో కొట్టుకి తోసుకెళ్లేదాన్ని. కొట్టువాడు ఆవిడ తల మీదుగా నన్నడిగేవాడు, మీ పిన్నికి ఏ బిస్కెట్లు కావాలీ అని. దీవి బడిలో పదేళ్లు పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. ఆ కొట్టువాడికీ లెక్కలు నేర్పింది. నేను పిన్నిని అడిగి ఆవిడ చెప్పింది వాడికి చెప్పేదాన్ని, పరాయి భాష నుంచి చెప్పినట్టు. జబ్బు కాళ్లు తీసుకుంది సరే, మిగతాది మనుషులు తీసుకున్నారు.

నాకు ఇంకా ఏదీ తేలలేదు. తేలకుండానే నన్ను ఆ బండిలో కూర్చోబెట్టనివ్వను. నేను కుర్చీలు కట్టేదాన్ని. అదొక్కటీ పోకూడదు.

పద్నాలుగు వరసలు అయ్యాయి.

మార్చి 1

రేపే పెళ్లి. కుర్చీ కాలేదు. డేవోకి ఫోన్ చేసి గడ్డి మీద ఇంకో అబద్ధం చెప్పాను. మాటిచ్చి తప్పుతావా, ఇరవయ్యేళ్లలో ఇదా నువ్వు నేర్చుకున్నదని చెడామడా తిట్టాడు. ఫోన్ పెట్టేశాక చాలారోజుల తర్వాత తేలిగ్గా అనిపించింది. తిట్లు తిని తేలికపడటమేమిటో.

మార్చి 3

నిన్న పెళ్లి.

పెళ్లి పాత్ర గురించే నా బెంగంతా. చిన్న పీపాలాగా పలకలు కూర్చి కట్టిన చెక్కపాత్ర, మూడు చెవులు. అందులో వేడివేడి సారాయి, రమ్ము, చక్కెర, మిరియాలు. ముందు పెళ్లికూతురు తాగాలి, తర్వాత హాల్లో అందరి చేతులూ దాటాలి. వద్దనడానికి లేదు. నిండుగా ఉంటే చంటిపిల్లంత బరువు. వారం నుంచి బకెట్లో నీళ్లు పోసి సాధన చేశాను. పట్టు కుడిచేతిది, ఎడమచెయ్యి ఊరికే చెవి మీద ఉండాలి, అలంకారానికి.

మొదటి చుట్టు బాగానే జరిగింది. తాగాను, పక్కవాళ్లకి అందించాను, ఎవరూ చూడలేదు. గెలిచాననుకున్నాను. ఆ గెలుపు నా తలకెక్కింది కాబోలు. రెండో చుట్టుకి మెర్రన్ తనే వంటింట్లోంచి మళ్లీ నింపుకొచ్చింది, పొయ్యి మీంచి దించినది దించినట్టు. నన్ను కావలించుకుని, కుర్చీ ఎప్పుడిస్తావే, నిలబడే కాపురం చెయ్యనా అంటూ పాత్ర నా చేతుల్లో పెట్టింది. నేను నవ్వుతూ మాట్లాడుతున్నాను. వచ్చే నెల, పిల్లలు పుట్టేలోపు ఇచ్చేస్తాలే, ఇలాంటిదేదో అంటున్నాను. మెర్రన్ నవ్వడం మానేసింది.

"రోనా, నీ చెయ్యి."

చూసుకున్నాను. పాత్ర ఎడమకి వాలింది. పొగలు కక్కే సారాయి ఎడమచేతి మీదుగా మోచేతి దాకా ధారకట్టి కారుతోంది. మణికట్టు దగ్గర చర్మం ఎర్రగా కందిపోయింది. ఎంతసేపటి నుంచో నాకు తెలియదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

ఫిడేలు ఆగలేదు. మా బల్ల దగ్గర మాత్రం మాటలు ఆగిపోయాయి. ఇంకో ఊరైతే తాగి ఒళ్లు తెలియలేదనుకుని నవ్వేవాళ్లు. ఇక్కడ ఒక్కరూ నవ్వలేదు. ముసలివాళ్లు నా చేతిని చూశారు, తర్వాత ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. నా వెనకాల ఎవరో చాలా మెల్లగా "ఇనా" అన్నారు.

తడిగుడ్డ వచ్చింది, కుర్చీ వచ్చింది, నాలుగు చేతులు పట్టుకుని నన్ను కూర్చోబెట్టాయి. నేను నిలబడగలను. కాలిపోయింది చెయ్యి, కాళ్లు కాదు. అమ్మ అవతలి బల్ల దగ్గరుంది. అంతా చూసింది. లేవలేదు. పంతొమ్మిదేళ్లు చెల్లెల్ని మోసిన మనిషి కుర్చీలోంచి లేవలేదు. నిన్నటి నుంచి నన్ను కాలుస్తున్నది అదే, చెయ్యి కాదు.

మార్చి 4

చెయ్యి బొబ్బలెక్కింది. ఒకావిడ సూపు తెచ్చింది, ఒకావిడ బార్లీ రొట్టెలు తెచ్చింది, పాస్టరుగారి భార్య పండ్ల కేకు తెచ్చింది. తలుపు తీసింది నేను. ముగ్గురూ నా భుజం మీదుగా అమ్మనే అడిగారు, ఎలా ఉంది తనకి అని.

ఆర్డరిచ్చిన ఇద్దరు ఫోన్ చేశారు. తొందరేం లేదన్నారు. తొందర లేదంటే అక్కర్లేదనే.

మార్చి 6

వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. మార్మలేడ్ సీసా మూత గట్టిగా తిప్పి తీసి, మళ్లీ తేలిగ్గా పైన పెట్టింది. తర్వాత పచ్చడి సీసా. తర్వాత కాఫీ పొడి డబ్బా. వరసగా.

ఒళ్లు మండిపోయింది. ఎప్పట్నుంచి అన్నాను. క్రిస్మస్ నుంచి అంది. క్రిస్మస్‌కి నాకే తెలియదు. నా చెయ్యి సంగతి నాకన్నా ముందు నీకు తెలుసా, తెలిసి నోరు మూసుకున్నావా, పెళ్లిలో బొమ్మలా కూర్చున్నావా అని అరిచాను. అమ్మ మూత పట్టుకుని నిలబడింది. తర్వాత సీసాలన్నీ ఒక్కొక్కటే గట్టిగా బిగించింది.

అప్పట్నుంచి మాటల్లేవు. తన మటుకు తను అలిసిపోయింది, అది నాకు అర్థమవుతుంది. ఇంకోసారి మొయ్యలేదు. నేను అడగను కూడా.

మార్చి 9

కుర్చీ అయిపోయింది. కాలిన చేతికి గుడ్డకట్టుతోనే చేశాను. పెళ్లిలో పోయిన పేరు దీనితో తిరిగొస్తుందనుకున్నాను.

డేవో వచ్చాడు. ఈసారి టోపీ తీసి వచ్చాడు, చావు ఇంటికి వచ్చినట్టు. కుర్చీ వెలుతుర్లోకి జరిపాను. అతను వంగలేదు. బొటనవేలు పెట్టలేదు. నా చేతి కట్టు వంక చూస్తూ చెప్పాడు.

"చాలా బాగుందమ్మా. ఇంత బాగా ఎవరు కడతారు?"

పదిహేనేళ్లలో డేవో హార్కస్ ఎవరి పనినీ బాగుందనగా నేను వినలేదు. నన్ను అమ్మా అని కూడా ఎప్పుడూ అనలేదు. ఇరవై ఒకటిన ట్రక్కు తెచ్చి తీసుకెళ్తానన్నాడు, నన్ను కాఫీ కూడా పెట్టనివ్వలేదు. అతను వెళ్లాక కుర్చీ వంక చూడాలంటే భయం వేసింది. పైన గోనెపట్టా కప్పేశాను.

మార్చి 14

రేపు నేనూ రానా అంది అమ్మ. అక్కర్లేదన్నాను. సరే అంది. ఇంకోసారి అడుగుతుందేమోనని పడుకునేదాకా చూశాను.

మార్చి 16

నిన్న ఆబర్డీన్. పొద్దున్నే పొగమంచు, విమానం గంట లేటు. ఆ గంటసేపూ రద్దవ్వాలని ఒకసారి, అవ్వకూడదని ఒకసారి కోరుకున్నాను.

స్కాన్ మిషను గొట్టంలో నలభై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఇనుప చట్రాన్ని సుత్తులతో బాదుతున్నట్టు చప్పుడు. కళ్లు మూసుకుని మనసులో కుర్చీ కట్టాను, మొదటి వరస నుంచి. వేళ్లు బాగున్నప్పటి చెయ్యితో. పదిహేడో వరస దగ్గర బయటికి లాగేశారు. మిషను నడిపే అమ్మాయి మొహంలో ఏమీ కనిపించలేదు. ఏమైనా కనిపించిందా అని అడిగాను కూడా, సిగ్గు లేకుండా. డాక్టర్లు చూసి మూడు వారాల్లో చెబుతారంది. అది చెప్పేటప్పుడు నా బూటు లేసు ముడి తనే వేసింది. అందరికీ వేస్తుందా? తిరుగు ప్రయాణమంతా అదే ఆలోచన. అందరికీ వేస్తుందేమో.

మార్చి 17

మూడు వారాలు. ఫలితం వచ్చేవరకు ఏ పేరూ లేదు నాకు.

మార్చి 19

ఎల్లుండి డేవో ట్రక్కు వస్తుంది. పొద్దున గోనెపట్టా తీశాను. అమ్మ నేను పని చేసుకునే కొట్టంలోకి టీ తెచ్చింది. పది రోజుల్లో తను ఇటు రావడం ఇదే. టీ పెట్టేసి వెళ్లబోతుంటే, ఎందుకడిగానో నాకే తెలియదు, కుర్చీ ఎలా ఉందన్నాను.

అమ్మ దాని చుట్టూ తిరిగింది. వంగింది, ఆ నడుంనొప్పితో. కింద నుంచి పైదాకా ఒక్కో వరసా వేలితో తడిమింది. డేవో చెయ్యవలసినంత సేపు చేసింది.

"వంకరగా ఉందే," అంది. "పన్నెండు దాకా ఫర్వాలేదు. అక్కణ్ణుంచి ఎడమవైపు ఒక చోట లావు, ఒక చోట సన్నం. వీపు మొత్తం ఇటు లాగేసింది. ఇది ఇవ్వడానికి లేదు."

పెళ్లి రోజు నుంచి ఈ దీవిలో అందరూ నాతో తియ్యగానే మాట్లాడారు. అమ్మ గడ్డి మోపు మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది, నేలను చూస్తూ.

ఇనా పిన్ని స్వెట్టర్లు అల్లేది, నాకు లీలగా గుర్తు. జబ్బు చేతులకి పాకాక కుట్లు జారిపోయేవట. పిన్ని నిద్రపోయాక ఆ రోజు అల్లినదంతా అమ్మ విప్పి, సరిగ్గా అల్లి, పిన్ని ఆపిన చోటే సూదులు గుచ్చి పెట్టేసేదట. చూడు, ఎంత బాగా అల్లావో అనేదట పొద్దున్నే. రెండేళ్లు అలా నడిచింది. ఒక రోజు పిన్ని కావాలనే ఒక కుట్టు వదిలేసింది, నీలం వరసలో. మర్నాడు చూసుకుంటే ఆ కుట్టు ఉంది.

"ఒక్క మాట అనలేదే నన్ను. సూదులు, ఊలు బుట్టలో పెట్టి మంచం కిందికి తోసెయ్యమంది. ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. దాని చేత అల్లిక మాన్పించింది జబ్బు కాదు, నేను."

పెళ్లిలో ఎందుకు లేవలేదో నేను అడగలేదు. తనే చెప్పింది. లేస్తే మళ్లీ మొదలుపెడతానని తెలుసట. బల్ల కింద కుర్చీ కాలికి తన కాలు మెలేసుకుని కూర్చుందట. అయినా మూతల దగ్గర చెయ్యి ఊరుకోలేదంది.

"నీకు ఆ జబ్బుందో లేదో నాకు తెలీదు. ఉంటే ఉంటుంది. నాకు భయంగానే ఉంది, చచ్చేంత భయంగా ఉంది. కానీ నీ పని నేను ముట్టుకోను. విప్పు."

డేవో ఎల్లుండి వస్తున్నాడన్నాను. రానీ, చూసి తిట్టనీ అంది.

కత్తెర తెచ్చి పన్నెండో వరస మీద పురికొస తెంపాను. వారాల పని పావుగంటలో నేల మీద కుప్పపడింది. ఏడుస్తానేమో అనుకున్నాను గానీ ఆకలేసింది. అమ్మ తెచ్చిన టీ తాగి, పాత రాగి గొట్టం నుంచి వేలంత ముక్క కోసుకున్నాను. గడ్డి పేట అందులోంచి దూర్చి లాగితే లావు ఎక్కడా తేడా రాదు, గొట్టంలో వదులైతే పరకలు దోపాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాడే పద్ధతి. ఇరవయ్యేళ్లుగా దాన్ని వెక్కిరించాను. ఇవాళ నేను కొత్తగా నేర్చుకునేదాన్ని, అంతే.

చేతులు ఊరుకునేలా లేవని అమ్మ రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. పురికొస నా వేళ్లలోంచి జారినప్పుడల్లా ఒక చెయ్యి బయటికొచ్చింది. మళ్లీ కిందికి తోసుకుంది. దబ్బనం రెండుసార్లు కింద పడింది, రెండుసార్లూ నేనే వంగి తీసుకున్నాను. వంగినప్పుడల్లా వీపులో జివ్వుమంది. అమ్మ పళ్లు బిగపట్టుకుంది గానీ లేవలేదు.

చీకటి పడే వేళకి రెండు వరసలు అయ్యాయి. ఎలా ఉన్నాయన్నాను. అమ్మ తిమ్మిరెక్కిన చేతులు విదిలించుకుంటూ లేచి వచ్చి, వేలితో తడిమింది. మొదటిది బాగుందంది. రెండోది బాగాలేదంది.

రెండోది విప్పాను.